ఇంటి నుంచి సౌందర్య సాధనాల అమ్మకం: చుట్టాలందరూ ఒకసారి కొన్నాక ఏం చేయాలి?

చందనపుగిన్నె (తెనాలి)

అందరికీ నమస్కారం. ఒక ప్రత్యక్ష విక్రయ సంస్థ (దుకాణాల ద్వారా కాకుండా మనలాంటివారి ద్వారా నేరుగా అమ్మే సంస్థ) తరఫున ముఖానికి, జుట్టుకు వాడే సౌందర్య సాధనాలను ఇంటి నుంచి అమ్మడం మొదలుపెట్టి నాకు మూడు నెలలు నిండాయి. మొదటి నెలలో మా ఆడపడుచులు, పిన్ని కూతుళ్లు, మా వీధిలోని ఇద్దరు టీచరమ్మలు కలిసి దాదాపు 9,000 రూపాయల సరుకు కొన్నారు. కొనుగోలు ఒక మొత్తం దాటితే నాకు వచ్చే తగ్గింపు శాతం పెరుగుతుందని ఈ పనిలో నన్ను చేర్చిన ఆవిడ చెప్పడంతో, మూడో నెలలో 16,000 రూపాయల సరుకు ఒకేసారి తెప్పించాను. అందులో సగానికి పైగా ఇప్పటికీ బీరువాలోనే ఉంది. కొన్న చుట్టాలలో ముగ్గురి దగ్గర 4,300 రూపాయల బాకీ మిగిలింది. అడగడానికి మొహమాటంగా ఉంది. కొత్తవాళ్ల ఇళ్లకు వెళితే చాలామంది మొదట అడిగే మాట, ముఖం మీది మంగు మచ్చలు పోవడానికి క్రీము ఉందా అనే. దానికి ఏమని జవాబు చెప్పాలో నాకు తెలియడం లేదు. ఈ పనిలో ఏళ్ల తరబడి నిలిచినవారు దయచేసి దారి చూపగలరు.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

చందనపుగిన్నె గారూ, నేను ఈ పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. మీరు రాసిన పరిస్థితి నా మొదటి సంవత్సరంలో నాకూ ఎదురైంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా ఆ బీరువాలోని సరుకు సంగతి చూడండి. ప్రతి డబ్బా మీద ఉన్న గడువు తేదీని ఒక కాగితం మీద రాసుకుని, ముందుగా గడువు తీరేవి ముందు వరుసలోకి తెచ్చుకోండి. మీరు సంస్థతో చేసుకున్న ఒప్పందపత్రంలో, సీలు తీయని సరుకును ఎన్ని రోజులలోగా వెనక్కి తీసుకుంటారో, ఎంత కోత వేస్తారో చదవండి. ఆ అవకాశం ఇంకా ఉంటే, ఈ వారమే వాడుకోండి. నన్ను చేర్చినవారు ఏమనుకుంటారో అని ఆగిపోయి నేను ఒకసారి ఆ గడువు దాటబెట్టుకున్నాను, ఆ డబ్బు మళ్లీ రాలేదు. ఆ తరువాత నుంచి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఆర్డరు చేతిలో లేని వస్తువును తెప్పించను. నెలనెలా తప్పక పోయే ఐదారు రకాలు మాత్రం రెండేసి చొప్పున ఇంట్లో ఉంచుతాను. తగ్గింపు శాతం పెరుగుతుందని ఆశపడి కొన్న సరుకు మీద వచ్చే లాభం కాగితం మీదే ఉంటుంది.

ఒకసారి లెక్క వేసి చూడండి. ఎమ్మార్పీ 500 ఉన్న క్రీము మీకు 400కు పడిందనుకుందాం. పైకి వంద రూపాయలు మిగిలినట్టే. తెలిసినవారు కదా అని ఆవిడకు యాభై తగ్గించారు. అది ఇచ్చి రావడానికి ఆటోకు పోనూ రానూ నలభై అయింది. నమూనాగా ఇచ్చిన చిన్న ప్యాకెట్టు మీరు పన్నెండు రూపాయలకు కొన్నారు. మీ సమయాన్ని లెక్కలోకి తీసుకోకముందే మీకు రెండు రూపాయల నష్టం వచ్చింది. అందుకే నేను ధర తగ్గించడం పూర్తిగా మానేశాను, ఒక్కొక్క వస్తువు కోసం ఒక్కొక్కసారి వెళ్లడం కూడా మానేశాను. దానవాయిపేట వైపు ఆర్డర్లన్నీ నెలలో రెండో శనివారం, మోరంపూడి వైపువి మూడో శనివారం ఇస్తాను. మొదట్లో కొందరు విసుక్కున్నారు, కానీ ఇప్పుడు ఆ శనివారం కోసం వాళ్లే పేర్లు రాసి పెడుతున్నారు.

ఇక కొత్తవారిని సంపాదించడం గురించి. నా దగ్గర ఒక పొడవాటి పద్దుపుస్తకం ఉంది. ఒక్కొక్కరికి ఒక పుట. ఆవిడ చర్మం జిడ్డుదా, పొడిదా, ఏ షేడ్ సరిపోయింది, ఏది పడలేదు, ఏ తేదీన ఏ పరిమాణం కొన్నారు అన్నవి అందులో ఉంటాయి. వంద మిల్లీలీటర్ల ఫేస్‌వాష్ రోజుకు రెండుసార్లు వాడే మనిషికి ఆరేడు వారాలు వస్తుందని నా అనుభవం. ఐదో వారంలో నేను ఒక ఫోను చేస్తాను. కొనమని అడగను; ఎలా ఉంది, చర్మం బిగుసుకుంటోందా అని మాత్రమే అడుగుతాను. నా అమ్మకాలలో ఎక్కువ భాగం ఆ ఐదో వారం ఫోను నుంచే వస్తుంది. మీ చుట్టాలు మళ్లీ కొనకపోవడానికి కారణం బహుశా వస్తువు నచ్చకపోవడం కాదు, అది అయిపోయే వేళకు ఎవరూ పలకరించకపోవడం. వారిలో నిజంగా వాడి సంతృప్తి పడినవారెవరో తెలుసుకుని, వారి ద్వారా ఒక్కొక్క కొత్త పరిచయం అడగండి. మొహమాటానికి కొన్నవారిని మాత్రం వదిలేయండి, చుట్టరికం పాడవుతుంది.

వేపచిగురు (విశాఖపట్నం)

నేను ఫార్మసీ చదివాను, ఎనిమిదేళ్లుగా ఈ అమ్మకం కూడా చేస్తున్నాను. మంగు గురించిన ప్రశ్నకు నేను జవాబు చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే ఈ ఒక్క విషయంలో మనం చేసే పొరపాటు ఎదుటివారి ముఖం మీద ఏళ్ల తరబడి నిలిచిపోతుంది.

మంగును తగ్గించడం వైద్యం కిందికి వస్తుంది. మనం అమ్మేవి సౌందర్య సాధనాలు. గర్భం, హార్మోన్ల మార్పులు, ఎండ వంటి కారణాలతో వచ్చే ఆ మచ్చలకు చర్మవైద్యులను కలవమని చెప్పడమే సరైన జవాబు. ఆ మాట చెబితే అమ్మకం పోతుందని భయపడకండి. ఏ చికిత్స తీసుకున్నా ఎండ నుంచి రక్షణ లేకపోతే మంగు మళ్లీ తేలుతుంది కాబట్టి, వైద్యులు సాధారణంగా సన్‌స్క్రీన్ తప్పక వాడమంటారు. అది మీ దగ్గర ఉంటుంది. ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవునా పిండినంత రాయాలని, బయట తిరిగేటప్పుడు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలని వివరించి ఇవ్వండి. చాలామంది బఠాణీ గింజంత రాసుకుని పని చేయలేదంటారు.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. వారంలో తెల్లబడ్డానని ఎవరైనా ఒక పేరులేని డబ్బా చూపిస్తే, అందులో స్టెరాయిడ్ లేదా పాదరసం కలిసి ఉండే అవకాశాన్ని వారికి చెప్పండి. స్టెరాయిడ్ క్రీము ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రని సన్నని నరాలు కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, మానేస్తే మంట పుడుతుంది. పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ముఖం తెల్లబడడానికి రాసే ఇలాంటి క్రీములలో పాదరసాన్ని కావాలని కలపడానికి వీలులేదు. లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని డబ్బాను మనం ముట్టుకోకూడదు. మీ సంస్థ వస్తువు మీద దిగుమతి చేసుకున్నది అని ఉంటే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు కూడా వెతకండి.

షేడ్ చూపడం గురించి కూడా రెండు మాటలు. మణికట్టు మీద ఫౌండేషన్ (ముఖం రంగు సమంగా కనిపించడానికి రాసే క్రీము) రాసి చూపించడం మన దగ్గర పాత అలవాటు, కానీ చేతి రంగు, ముఖం రంగు ఒకటిగా ఉండవు. దవడ అంచున మూడు దగ్గరి షేడ్లను నిలువు గీతలుగా రాసి, ఆవిడను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి పగటి వెలుతురులో చూడండి. ఐదారు నిమిషాలు ఆగండి, ఎందుకంటే ఆరిన తరువాత కొన్ని ఫౌండేషన్లు ఒక మెట్టు ముదురుతాయి. ఏ గీత చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోయిందో అదే ఆవిడ షేడ్. ట్యూబులైటు కింద ఎంచిన షేడ్ పెళ్లిపందిరిలో బూడిద పూసినట్టు తేలుతుంది. చామనఛాయ ఉన్నవారికి ఒక మెట్టు తెలుపు షేడ్ అంటగట్టడం నాకు అసలు నచ్చని పని, అది వారి మనసును కూడా నొప్పిస్తుంది.

జుట్టు రంగు అమ్మేవారు చెవి వెనుక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడమని ప్రతిసారీ చెప్పాలి. ముదురు రంగులలో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది, పోయినసారి ఏమీ కాలేదు కదా అన్నది భరోసా కాదు. నల్లహెన్నా అని అమ్మే పొడులలో కూడా అది ఉండవచ్చు. గర్భిణులకు రెటినాల్ ఉన్న క్రీములు అమ్మవద్దు. లిప్‌స్టిక్ నమూనాను పెదవికి నేరుగా తాకించకుండా, శుభ్రమైన పుల్లతో గీకి కొత్త దూదిపుల్లతో రాయండి.

మానేరుగట్టు (కరీంనగర్)

నేను పట్టణంలో తక్కువ, చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కువ అమ్ముతాను. నా కొనుగోలుదారులలో బీడీలు చుట్టే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ 600 రూపాయల సీరం గురించి మాట్లాడి ప్రయోజనం లేదు. చేతులు పగలకుండా ఉండే మాయిశ్చరైజరు, చిన్న సీసా నూనె, వంద లోపు లిప్‌బామ్ అడుగుతారు. ఒక్కొక్కరి బిల్లు చిన్నదే, కానీ ఒక వాకిట్లో పన్నెండు మంది కూర్చుంటారు, అందరూ నెలనెలా కొంటారు. బీడీల డబ్బులు చేతికి వచ్చే రోజేదో తెలుసుకుని ఆ మరునాడు వెళతాను. పత్తి అమ్ముడయ్యే రోజుల్లో, సంక్రాంతి ముందర, కొంచెం ఖరీదైనవి కూడా తీసుకుపోతాను.

డబ్బుల విషయంలో చందనపుగిన్నె గారికి నా సలహా ఏమిటంటే, బాకీని ఒక్క మొత్తంగా అడగకండి. అక్కా, ఈ నెల ఐదు వందలు ఇవ్వండి, మిగిలింది వచ్చే నెల చూద్దాం అని ఒక తేదీ చెప్పండి. అది తీరేదాకా కొత్త సరుకు ఇవ్వకండి. మా ఊళ్లలో నేను ఒక పద్ధతి పెట్టాను: సగం డబ్బు ముందు ఇస్తేనే ఆర్డరు రాసుకుంటాను. మొదటి నెల నలుగురు తప్పుకున్నారు, ఆ నలుగురూ అంతకుముందు బాకీ పడ్డవారే.

చందనపుగిన్నె (తెనాలి)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒప్పందపత్రం వెతికి చదివాను. సీలు తీయని వాటిని 30 రోజులలోగా వెనక్కి ఇవ్వవచ్చని ఉంది, నాకు ఇంకా ఆరు రోజులు మిగిలాయి. రేపే 5,800 రూపాయల సరుకు వాపసుకు రాస్తున్నాను. ఇంకొక సందేహం ఉంది. శ్రావణమాసం దగ్గర పడుతోంది, పేరంటాలకు వెళ్లినప్పుడు కేటలాగు తీసుకెళ్లవచ్చునా? నన్ను చేర్చిన ఆవిడ మాత్రం అమ్మకం కంటే నా కింద నలుగురిని చేర్పించడం మీద దృష్టి పెట్టమంటున్నారు.

తులసికోట (నెల్లూరు)

చివరి మాట చదివి ఆగలేక రాస్తున్నాను. నేను రెండేళ్లు అలా మనుషులను చేర్చే పనిలోనే గడిపి, చివరకు 40,000 రూపాయలకు పైగా నష్టపోయి మానేశాను. నేను చేర్చిన ఏడుగురిలో ఒక్కరికి కూడా అమ్మడం నేర్పలేదు, ఎందుకంటే నాకే రాదు. మొదటి నెల వాళ్లు తమ కోసం కొన్న సరుకు మీద నాకు కొంత వచ్చింది. మూడో నెలకు ఎవరూ కొనలేదు. వారిలో ఇద్దరు నా బాల్య స్నేహితురాళ్లు, ఇప్పటికీ సరిగా మాట్లాడరు.

1978లోనే మన దేశంలో డబ్బు చలామణి పథకాలను (మనుషులను చేర్పిస్తే డబ్బు వస్తుందని ఆశ చూపేవాటిని) నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2021 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల రక్షణ ప్రత్యక్ష విక్రయ నిబంధనలు పిరమిడ్ పథకాలను, అంటే కింద చేరేవారి వల్ల పైవారికి లాభం వచ్చే గొలుసు పథకాలను, స్పష్టంగా నిషేధించాయి. కాబట్టి ఎవరైనా మీకు ఆదాయం లెక్కల బొమ్మ గీసి చూపిస్తే ఒకటే అడగండి: ఈ డబ్బు వాడుకునేవారు కొన్న వస్తువు నుంచి వస్తోందా, కొత్తగా చేరినవారు కట్టిన డబ్బు నుంచి వస్తోందా? చేరడానికి రుసుము కట్టమన్నా, నమూనాల పెట్టె తప్పక కొనాలన్నా వెనక్కి తిరగండి.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

తులసికోట గారి బాధ నాకు అర్థమైంది, వారు చెప్పినదానిలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తాను. ఒక్క చోట మాత్రం వేరుగా అనుకుంటున్నాను. మనిషిని చేర్చడమే తప్పు కాదు. నా పద్దులో మూడేళ్లుగా కొంటున్న ఒక నర్సమ్మ, తన వార్డులోని వారికి తానే అమ్ముతానని అడిగారు. ఆవిడకు నేను ఆరు వారాలు పక్కన ఉండి నేర్పాను, ఆవిడ ఈరోజు నాకంటే ఎక్కువ అమ్ముతున్నారు. కొనుగోలుదారే కోరి వస్తే అది వేరు. అమ్మకం తెలియకముందే నలుగురిని వెతకమనడం సరికాదు.

పేరంటం గురించి: పిలిచినవారి ఇంట్లో కేటలాగు తీయకండి. పసుపు కుంకుమలు తీసుకోవడానికి వచ్చినవారిని కొనుగోలుదారులుగా చూస్తే ఆ ఇల్లాలికి కష్టంగా ఉంటుంది. కానీ శ్రావణం మన పనికి చాలా మంచి కాలం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఆ నెలనే నేను వధువుల తల్లులను కలిసి మాట్లాడుకుంటాను. పెళ్లికూతురికి కావలసినవి కనీసం మూడు వారాల ముందు తెప్పించి, చర్మానికి పడతాయో లేదో చూసుకోమంటాను. పెళ్లికి రెండు రోజుల ముందు కొత్త క్రీము ఏదీ మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. మూఢం వస్తే ముహూర్తాలు ఆగుతాయి కాబట్టి పంచాంగం చూడకుండా సరుకు తెప్పించకండి.

లెక్కలపుస్తకం (హైదరాబాద్)

నేను చిన్న వ్యాపారాల ఖాతాలు రాస్తాను, మా ఆవిడ ఈ అమ్మకం చేస్తారు. 2021 నిబంధనలలో అమ్మేవారి మీద ఉన్న బాధ్యతలను చాలామంది చదవరు. సంస్థతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా వినియోగదారుల ఇంటికి వెళ్లకూడదు. వెళ్లిన వెంటనే మీరెవరో, ఏ సంస్థ తరఫున వచ్చారో, ఎందుకు వచ్చారో చెప్పాలి. ధర, డబ్బు చెల్లించే పద్ధతి, వాపసు నియమాలు వివరించాలి. సంస్థ ఆమోదించని కరపత్రాలు పంచకూడదు, సంస్థ చెప్పని గుణాలను వస్తువుకు అంటగట్టకూడదు. వాట్సాప్‌లో తిరిగే, వాడకముందు ఇలా, వాడిన తరువాత ఇలా అని చూపే ఫోటోలను మీ స్టేటస్‌లో పెడితే ఈ చివరి నియమం కిందికే వస్తుంది.

పాన్ నంబరు సంస్థకు తప్పక ఇవ్వండి. ఇవ్వకపోతే కమీషన్ మీద మూలంలో కోసే పన్ను (టీడీఎస్) 20 శాతం దాకా పోతుంది. అమ్మకం మీద లాభం వేరు, సంస్థ ఇచ్చే కమీషన్ వేరు. పద్దులో రెండూ వేరువేరుగా రాయండి. ఆటో, బస్సు చార్జీలు, నమూనాల ఖర్చు, ఫోను ఖర్చు అదే రోజున రాస్తే ఏడాది చివర అవస్థ ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి షాంపూ, తలనూనె, టాల్కమ్ పౌడరు వంటి వాటి మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, లిప్‌స్టిక్ వంటివి 18 శాతంలోనే ఉన్నాయి. కాబట్టి మీ బీరువాలోని పాత షాంపూ మీద పాత ధర ఉంటే సంస్థ ఇచ్చిన సవరించిన ధరల పట్టిక చూసి అమ్మండి. ఎమ్మార్పీకి మించి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు.

కనకాంబరం (కూకట్‌పల్లి)

అపార్ట్‌మెంట్లలో అమ్మేవారికి నా అనుభవం ఇది. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టినా, మీ నంబరును ఎదుటివారు తమ ఫోనులో దాచుకుంటేనే సందేశం చేరుతుంది. అందుకే మొదటి ఆర్డరు ఇచ్చేటప్పుడే నా నంబరు వారిచేత దాచిస్తాను. రోజూ బొమ్మలు పంపను. వారానికి ఒక్క సందేశం, అందులో ఒక్క వస్తువు, అది ఎవరికి పనికిరాదో కూడా రాస్తాను. జిడ్డు చర్మం వారు దీన్ని తీసుకోవద్దు అని రాసిన సందేశానికే నాకు ఎక్కువ జవాబులు వస్తాయి.

ఈ వృత్తిలో పేరున్న ఏవన్ అనే సౌందర్య సాధనాల సంస్థ మొదలైన తీరు కూడా నాకు ధైర్యం ఇస్తుంది. అమెరికాలో డేవిడ్ మెకానెల్ ఇంటింటికీ పుస్తకాలు అమ్ముతూ, కొన్నవారికి చిన్న అత్తరు సీసా కానుకగా ఇచ్చేవారట. పుస్తకాల కంటే అత్తరునే ఆడవారు ఇష్టపడుతున్నారని గమనించి, 1886లో ఆయన న్యూయార్క్‌లో ప్రారంభించిన సంస్థే తరువాత ఏవన్ అయింది. నమూనా ఇచ్చాక వినడం ముఖ్యమని నేను దాని నుంచి నేర్చుకున్నాను. నమూనా ఇచ్చిన నాలుగో రోజున తప్పక పలకరిస్తాను. పలకరించలేని వారికి నమూనా ఇవ్వను.

చందనపుగిన్నె (తెనాలి)

ఐదు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. వాపసు పంపిన సరుకుకు కోత పోను డబ్బు ఖాతాలో పడింది. బాకీలో 2,500 వసూలైంది. ఒక వదినగారు మాత్రం వచ్చే నెల అన్నారు, తేదీ రాసుకున్నాను. పద్దుపుస్తకంలో ఇప్పటికి పందొమ్మిది పుటలు తెరిచాను. మంగు కోసం అడిగిన ఒకావిడను చర్మవైద్యుల దగ్గరకు వెళ్లమన్నాను. ఆవిడ వెళ్లి వచ్చి, నా దగ్గరే సన్‌స్క్రీన్ తీసుకుని, తన స్కూలులో ముగ్గురు సహోద్యోగుల నంబర్లు వారిని అడిగి మరీ ఇచ్చారు. ఈ నెల నికరంగా మిగిలింది 1,640 రూపాయలు. చిన్న మొత్తమే అయినా ఖర్చులన్నీ పోను మిగిలిందని తెలిసిన మొదటి నెల ఇది.

ఒక సందేహం మిగిలింది. మా ముందు గదిలో మధ్యాహ్నం విపరీతమైన వేడి. రెండు లిప్‌స్టిక్‌ల మీద చెమట పట్టినట్టు చిన్న చుక్కలు కనిపిస్తున్నాయి. అవి పాడైనట్టేనా?

వేపచిగురు (విశాఖపట్నం)

వేడికి లోపలి నూనె పైకి తేలితే అలా చుక్కలు కనిపిస్తాయి. వాసన మారకుండా, ఆకారం చెడకుండా ఉంటే హాని లేదు, కానీ వాటిని అమ్మకండి. మీరు వాడుకోండి, లేదా నమూనాకు ఉంచుకోండి. మిగిలిన సరుకును మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, ఇంట్లో ఎండ తగలని లోపలి గదిలో నేల మీద, గోడకు దూరంగా ఉంచండి. బీరువా పై అర అన్నిటికంటే వేడిగా ఉంటుంది. స్నానాల గదిలో తేమ వల్ల పౌడర్లు గడ్డకడతాయి. మే నెలలో సీరంలను, లిప్‌స్టిక్‌లను ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోవచ్చు, ఫ్రీజరులో మాత్రం వద్దు. ఎండలో స్కూటరు డిక్కీలో సరుకు వదిలి వెళ్లకండి. నేను ఒకసారి అలా ఆరు లిప్‌స్టిక్‌లు పోగొట్టుకున్నాను.